మళ్ళీ ఎప్పుడొస్తారు?

సెప్టెంబరు 6

అన్నయ్యకి,

క్షేమమా అని అడగను. అడిగితే క్షేమమనే రాస్తావు. కాలికి ప్లాస్టర్ వేసుకుని మంచం మీదున్నప్పుడు కూడా అదే రాశావు. వదిన చెప్తే తప్ప నాకు తెలియలేదు. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. ఫోన్లో నువ్వు ఊఁ కొట్టడం తప్ప ఏం చేస్తావు? కాగితం చేతికిస్తే మాత్రం నీ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. పైగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆఫీసు ఫోనే నా చెవికి అంటుకుని ఉంటుంది. ఇంటికొచ్చాక ఇంకో ఫోన్ ముట్టబుద్ధి కాదు.

అలిసిపోయాను అన్నయ్యా. జ్వరమూ లేదు, నొప్పీ లేదు, ఊరికే అలసట. మా పిల్లల సంక్షేమం ఆఫీసు మూడో అంతస్తులో ఉంది కదా, లిఫ్టు మళ్ళీ పడుకుంది. తలుపు సగం మూసుకుని, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ తెరుచుకుంటుంది. రోజూ ఫైళ్ళ సంచీతో మెట్లెక్కుతున్నాను. నా కుర్చీకి ఒక చక్రం ఊడింది. ఒక పక్కకి ఒరిగి కూర్చుని కూర్చుని మనిషినే ఒరిగిపోయాను. కొత్తగా వచ్చిన మా అధికారి నాకంటే బాగా చిన్నవాడు. "మేడమ్, మనసుకేమనిపించిందో రాయకండి, ఫారంలో గళ్ళు నింపండి చాలు" అంటాడు. ఇన్నేళ్ళుగా గళ్ళే నింపాను. ఎవరిల్లు బాగుందో, ఎవరి పిల్లలు బాగాలేరో, ఒక టిక్కు, ఒక ఇంటూ.

అసలు సంగతికొస్తాను. నవ్వకు. సోషల్ వర్క్‌లో పీహెచ్‌డీకి దరఖాస్తు పెడుతున్నాను. ఈ వయసులో చదువేమిటని నువ్వనేలోపు నేనే అనేసుకున్నాను, కనక ఆ మాట వదిలెయ్. సీటు రావడం కష్టమే. సిఫారసు లేఖలు రెండు కావాలి, ఇంటర్వ్యూ ఉంటుంది, అన్నిటికంటే ముందు నేనేం పరిశోధించాలనుకుంటున్నానో ఒక వ్యాసం రాయాలి. రాశాను. కవర్లో పెడుతున్నాను. చదివి, ఎక్కడ ఆవులింత వచ్చిందో అక్కడ గీత గీసి పంపు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. నువ్వొక్కడివే మొహమాటం లేకుండా చెప్తావు.

మా పనిలో పేర్లు రాయకూడదు. అందుకని తల్లి, పెద్ద కొడుకు, చిన్న కూతురు అనే రాశాను. ఎవరి గురించో నేను చెప్పకూడదు, నువ్వు అడగకూడదు. మొదటి పేరా మీదే నా అనుమానమంతా. ఇక్కడ కూడా రాస్తున్నాను, వదినకి చదివి వినిపించు:

"ఒక ఇంట్లో తల్లి, పదమూడేళ్ళ పెద్ద కొడుకు, ఆరేళ్ళ చిన్న కూతురు. తల్లికి రాత్రి షిఫ్టు, పగలు నిద్ర. ఎవరో ఫిర్యాదు చేస్తే సంక్షేమ కార్యాలయం నుంచి ఒక ఉద్యోగిని చూడటానికి వెళ్ళింది. ఇల్లు అద్దంలా ఉంది. పాప మొహం కడిగి ఉంది. రెండు జడలు, ఒకటి పైకి, ఒకటి కిందకి. పిల్లలు శుభ్రంగా ఉన్నారు, వేళకు తింటున్నారు, బడికి వెళ్తున్నారు అని రాసి ఆమె ఫైలు మూసింది. వంటా, ఉతుకూ, పాప చదువూ ఎవరు చూస్తున్నారని ఫారంలో గడి లేదు. ఆమె గుమ్మం దాటుతుండగా పెద్ద కొడుకు అడిగాడు: 'మళ్ళీ ఎప్పుడొస్తారు?' 'అవసరమైతే వస్తాం' అంది ఆమె. ఆ పిల్లవాడు రావాలని అడిగాడా, రాకూడదని అడిగాడా? నా పరిశోధన ఈ ప్రశ్న దగ్గర మొదలవుతుంది."

ఎలా ఉంది?

ఒక పక్కకి ఒరిగిన నీ చెల్లెలు,
పొట్టి


సెప్టెంబరు 23

చెల్లెలికి,

నీ కవరు అందింది. ఆవులింత రాలేదు కనక గీతలు గీయలేదు.

ఇక్కడ ఒక పాత భవనంలో లిఫ్టు తాళ్ళు మారుస్తున్నాం. రోజంతా మోటారు గదిలోనే. చేతుల గ్రీజు పోలేదు, కాగితం మీద మరకలుంటే ఏమనుకోకు.

రాసింది బాగుంది. బాగా చదువుకున్నవాళ్ళు రాసినట్టే ఉంది. ఒక్క మాట అడగాలనుంది. నీ సంగతి రాయొచ్చా అని ఆ పెద్ద కొడుకుని అడిగావా? పేరు తీసేసినంత మాత్రాన మనిషి మాయమైపోడు. జడలతో సహా రాశావు. గుమ్మం దగ్గర అన్న మాట కూడా రాశావు. ఆ మాట నీదాకా ఎలా వచ్చిందో నాకు అంతుబట్టడం లేదు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని అమ్మ అనేది. నువ్వు పెద్దదానివి, చదువుకున్నదానివి. నీ ఇష్టం.

వదిన బాగానే ఉంది.

అన్నయ్య


అక్టోబరు 8

అన్నయ్యకి,

ఇంత ముక్తసరిగా రాశావేం? వదినతో గొడవా? లేక తాళ్ళు మార్చేవాళ్ళకి మాటలు కూడా తెగిపోతాయా? మరకలు బాగున్నాయి. నీ చేతివాసన వచ్చిందని కాసేపు కాగితం పట్టుకునే కూర్చున్నాను.

నువ్వడిగిన ప్రశ్న మంచిది. ఇంటర్వ్యూలో కూడా అదే అడుగుతారనుకుంటాను. లేదు, అతణ్ణి అడగలేదు. అడిగితే ఏమంటాడో తెలుసు. "ఏం లేదు, అంతా బాగానే ఉంది" అంటాడు. అలాంటివాళ్ళంతే అన్నయ్యా. చిన్నప్పుడే నవ్వుమొహం తగిలించుకుంటారు, పెద్దయినా తీయరు. ఇల్లు కాలిపోతున్నా వచ్చినవాళ్ళకి కుర్చీ వేస్తారు. వాళ్ళ నోటి నుంచి నిజం రాబట్టడం బ్రహ్మతరం కాదు. అందుకే కదా దీన్ని పరిశోధన అంటున్నాను.

ఆ మాట నాదాకా ఎలా వచ్చిందన్నావు. ఫైల్లో ఉంది. మా దగ్గర పాత ఫైళ్ళేవీ పారేయరు. ఎంత పాతవైనా అడుగున దొరుకుతాయి, దుమ్ము దులుపుకునే ఓపికుండాలంతే.

సిఫారసు లేఖ ఒకటి దొరికింది. రిటైరైన మా పాత అధికారిణి ఇచ్చింది. ఆవిడ ఇంటికెళ్తే, కళ్ళజోడు వెతుక్కుంటూ, "నీకింకా ఓపికుందా?" అంది. ఆ మాటకి ఏడుపొచ్చింది నాకు. లేదని చెప్పి, సంతకం పెట్టించుకుని వచ్చాను. రెండోది కొత్త అధికారి ఇవ్వాలి. "చూద్దాం" అన్నాడు. ఆయన చూద్దాం అన్న పనులు ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు.

వ్యాసం దరఖాస్తుతో పంపేశాను. బాగుందన్నావు కదా, ఆ ధైర్యంతోనే.

పొట్టి


అక్టోబరు 21

చెల్లెలా,

అలాంటివాళ్ళట! నీకు జడలేసిన చేతులు అలాంటివాళ్ళవి. నీ బడి కాగితాల మీద అమ్మ సంతకం అమ్మకంటే బాగా పెట్టిన చేతులు అలాంటివాళ్ళవి. ఇల్లు కాలిపోతున్నా కుర్చీ వేస్తాడట! ఆ కుర్చీ మీద కూర్చునే కదమ్మా నువ్వు చదువుకున్నావు?

ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇక ఊరుకోను. ఆఫీసు నుంచి ఆవిడ మనింటికి వచ్చిన రోజు నీకు ఆరేళ్ళు. నీ మొహం కడిగి, జడలేసి, పలక చేతికిచ్చి కూర్చోబెట్టాను. నీకు గుర్తుండదు. ఆవిడ వచ్చిందని అమ్మకి చెప్పలేదు. మీ వదినకి కూడా మొన్నటిదాకా చెప్పలేదు. ఒక్కణ్ణే మోసుకున్నాను ఆ సంగతి. నువ్వు నీ ఉద్యోగం అడ్డం పెట్టుకుని, ఎక్కడో అడుగున ఉన్న నా ఫైలు దుమ్ము దులిపి తీయించావు. తీసి, నన్ను ఒక్క మాట కూడా అడక్కుండా, ముక్కూ మొహం తెలియని ప్రొఫెసర్ల ముందు పరిచావు. ఇంటి గుట్టు రచ్చకెక్కించడానికి కూడా డాక్టరేట్ ఇస్తారని నాకు తెలియదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

పైగా చదివి ఆవులింత ఎక్కడొచ్చిందో గీత గీయమన్నావు! నా బతుకు చదువుతూ నేనెక్కడ ఆవులించాలి?

ఇంతకంటే రాయలేను. కలం మూసేస్తున్నాను.

అన్నయ్య


నవంబరు 2

అన్నయ్యా,

ఆగు. కాస్త ఊపిరి పీల్చుకుని చదువు.

అది మనిల్లు కాదు. ఆ పెద్ద కొడుకు నువ్వు కాదు. అది నా కేసు, ఈ ఊళ్ళోది. వెళ్ళిన ఉద్యోగిని నేనే. వ్యాసాల్లో నేను అని రాయకూడదంటే ఆమె అని రాశాను. ఆ అబ్బాయి ఆ మాట అడిగింది నన్ను. అవసరమైతే వస్తాం అన్నది నేను. మన చిన్నప్పటి ఊరి ఫైళ్ళు ఏ చెదలు తిన్నాయో, అవి నాకెక్కడ దొరుకుతాయి? ఎవరి గురించో చెప్పకూడదు అని నేను రాస్తే, నీకు తెలుసులే అన్నట్టు అర్థమైందా నీకు?

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీద కూర్చుని చదివాను. చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఇన్నాళ్ళు నువ్వు నన్ను అంత మాట అనుకుంటూ ఉన్నావా? పైకి ఫైళ్ళతో వెళ్తున్న మా ప్యూను, "ఎవరికైనా ఏమైనా అయిందా మేడమ్?" అని అడిగాడు. మా అన్నయ్యకి కోపమొచ్చింది అని చెప్పాను.

నీ గురించి ఒక్క అక్షరం కూడా రాయలేదు అన్నయ్యా. అమ్మ మీద ఒట్టు. ఎక్కడా, ఏ కాగితంలోనూ నువ్వు లేవు. ఇప్పుడైనా మనసు కుదుటపడిందా?

అయితే ఒకటి చెప్పు. నిజంగానే మనింటికి ఎవరైనా వచ్చారా? నాకెవరూ చెప్పలేదే. నువ్వు కూడా ఆ మాటే అడిగావా?

వెంటనే జవాబు రాయి. ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. కొత్త అధికారి చివరికి సంతకం పెట్టాడు. ఆ సంతోషం కూడా నీ కోపంలో కొట్టుకుపోయింది.

పొట్టి


నవంబరు 3

పొట్టీ,

ఇంతకుముందు ఉత్తరానికి నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను.

మీ వదిన నన్ను తిట్టింది. నీ వ్యాసం మళ్ళీ చదివి, మధ్యలో ఆపి కళ్ళు తుడుచుకుని, "మీ గురించి ఇంతవరకూ ఎవరైనా ఇంత శ్రద్ధగా రాశారా? ఆ అమ్మాయి గుర్తుపెట్టుకుంది, మీకు కోపమొచ్చింది" అంది. ఆలోచిస్తే నిజమే అనిపించింది. యాభై దాటిన మనిషిని, నా మీద ఒక్క కాగితం లేదు. పనిచేసే చోట లిఫ్టులకి కూడా సర్వీసు చరిత్ర రాసిన కార్డు ఉంటుంది.

కనక రాసుకో. నేను ఒప్పుకుంటున్నాను. కావాలంటే సంతకం పెట్టి ఇస్తాను, ఈసారి నాదే.

మా వర్క్‌షాపులో కూడా చెప్పేశాను. మా చెల్లెలు నా మీద డాక్టరేట్ చేస్తోందని. అప్పట్నుంచి నన్ను 'థీసిస్ గారూ' అని పిలుస్తున్నారు. థీసిస్ గారూ, ఆ పానా అందుకోండి. థీసిస్ గారూ, టీ చల్లారిపోతోంది. సిగ్గుగానే ఉంది కానీ వద్దనలేదు.

నువ్వు రాసినదాంట్లో కొన్ని తప్పులున్నాయి, దిద్దుకో. ఇల్లు అద్దంలా ఉంది అన్నావు. ఎందుకుందో రాయలేదు. ఆవిడ వీధి మొదట్లో మనిల్లెక్కడని అడుగుతుంటే పైనుంచి నేను విన్నాను. ఆఫీసువాళ్ళొస్తే పిల్లల్ని చెరో చోటికి పంపేస్తారని కింది వాటా ఆవిడ ఎప్పుడూ బెదిరించేది. ముందు గది తుడిచేసి, విడిచిన బట్టలూ అంట్లూ లోపలి గదిలోకి తోసి గడియ పెట్టాను. అమ్మ అక్కడే నిద్రపోతోంది, ఆసుపత్రి లాండ్రీలో రాత్రంతా నిలబడి వచ్చింది. ఆవిడ ఆ గడియ తీయలేదు. జడ ఒకటి పైకి ఒకటి కిందకి రావడం నా తప్పు కాదు. నువ్వు తల తిప్పేదానివి.

రావాలని అడిగానా, రాకూడదని అడిగానా అన్నావు కదా. అది కాగితం మీద చెప్పను. నువ్వొచ్చినప్పుడు ఎదురుగా చెప్తాను. నీ పరిశోధనకి అదే ముఖ్యమనుకుంటాను, కనక తప్పకుండా రా.

మీ ఆఫీసు లిఫ్టుకి రోగమేమీ లేదు. తలుపు దగ్గర మనిషిని పసిగట్టే సెన్సర్ మీద దుమ్ము పట్టి ఉంటుంది. మెత్తటి గుడ్డతో తుడవమను.

నీ థీసిస్,
అన్నయ్య


నవంబరు 14

చెల్లెలికి,

నీ ఉత్తరం అందింది. రెండూ దారిలో ఎదురుపడి పలకరించుకోకుండా వెళ్ళిపోయినట్టున్నాయి.

అయితే అది నేను కాదన్నమాట. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. ఎక్కడా, ఏ కాగితంలోనూ నేను లేనని అమ్మ మీద ఒట్టేసి మరీ చెప్పావు. నమ్మాను. జడలు కూడా నావి కావు.

నేను క్రితం ఉత్తరంలో రాసినవేవీ పట్టించుకోకు. అది నేను కాదని వర్క్‌షాపులో వాళ్ళకి ఇంకా చెప్పలేదు. పిలవనీ, నాలుగు రోజులు పోతే వాళ్ళే మర్చిపోతారు.

ఇంటర్వ్యూ బాగా చెయ్యి. ఆ అబ్బాయి ఎక్కడున్నాడో కనుక్కుని ఒకసారి చూసిరా. వాడికి సంతోషంగా ఉంటుంది.

ఇక్కడ అంతా క్షేమం.

అన్నయ్య


డిసెంబరు 10

అన్నయ్యకి,

క్షేమం అని రాశావు చూడు, అప్పుడే తెలిసింది క్షేమంగా లేవని.

నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని ఎన్నిసార్లు చదివానో. నువ్వు లేవని ఒట్టేస్తే నీకు ప్రాణం కుదుటపడుతుందనుకున్నాను. పరాయివాళ్ళ ఇళ్ళల్లో ఎవరికి ఏం నొప్పో కనిపెట్టడం నా ఉద్యోగం. మనింట్లో మాత్రం నా తెలివి అంతవరకే.

ఇంటర్వ్యూ సంగతి చెప్తాను. అదొక పెద్ద హాలు, బయట వరసగా కుర్చీలు. అన్నిటికీ నాలుగు కాళ్ళూ ఉన్నాయి, నాకు కూర్చోవడం రాలేదు. అందరూ మా ఆఫీసుకి ట్రైనింగ్‌కొచ్చే పిల్లల వయసువాళ్ళు. ఒకమ్మాయి నన్ను చూసి లేచి నిలబడి నమస్కారం పెట్టింది. ఇంటర్వ్యూ చేసేవాళ్ళలో ఒకదాన్ననుకుంది పాపం. నేను కూడా నీలాగే వచ్చానమ్మా అంటే ఇంకా కంగారుపడింది.

లోపల ముగ్గురు. ఇద్దరు మొగవాళ్ళు నా పద్ధతి గురించి, లెక్కల గురించి అడిగారు. తెలిసింది చెప్పాను, తెలియనిది తెలియదన్నాను. మూడో ఆవిడ పెద్దావిడ, అప్పటిదాకా నా వ్యాసం తిరగేస్తూ కూర్చుంది. చివర్లో తలెత్తి, "మీరు ఎన్నో ఇళ్ళు చూసి ఉంటారు. ఈ అబ్బాయి మాటే ఎందుకు పట్టుకున్నారు?" అని అడిగింది.

దానికి జవాబు తయారుచేసుకునే వెళ్ళాను. ఫారంలో గడి లేకపోవడం, విధానాలు, అవీ ఇవీ. నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది. "ఆ పాప జడలు ఒకటి పైకి ఒకటి కిందకి ఉన్నాయండి" అన్నాను. "అలా ఉంటే?" అంది ఆవిడ. ఎన్నో ఇళ్ళల్లో ఎందరో పిల్లల జడలు చూశాను, ఏ ఫైల్లోనూ రాయలేదు. ఈ పిల్లవి మాత్రమే రాశాను. ఫైల్లో మా అధికారి అనవసరమని కొట్టేస్తే కూడా వ్యాసంలో మళ్ళీ రాశాను. ఎందుకో నాకే తెలియదు, ఆ కుర్చీలో కూర్చునేదాకా. "నాకూ అలాగే ఉండేవి, మా అన్నయ్య వేసేవాడు" అని చెప్పాను. అని, ఇంత వయసొచ్చి, వాళ్ళ ముందు ఏడ్చాను. ఒకాయన నీళ్ళ సీసా ముందుకు తోశాడు.

పెద్దావిడ నా కాగితాలు పక్కన పెట్టి, "మరి మీరేమనుకుంటున్నారు, రావాలని అడిగాడా, రాకూడదనా?" అంది. "నాకు తెలియదండి. తెలిసిన మనిషి ఒకడున్నాడు, ప్రస్తుతం నామీద అలిగాడు" అన్నాను. ముగ్గురూ నవ్వారు. నేను నవ్వలేదు.

సీటు వస్తుందనుకోను. అలా ఏడ్చినవాళ్ళకి ఎవరిస్తారు? ఒట్టు తప్పని తెలిసింది, అది చాలు. అన్ని కాగితాల్లోనూ నువ్వే ఉన్నావు.

జవాబు రాయి. తిట్టైనా రాయి.

పొట్టి


జనవరి 8

అన్నయ్యకి,

నీ జవాబు రాలేదు. ప్రతిరోజూ ఆఫీసు కింద ఉత్తరాల పెట్టె తెరిచి చూసి, మెట్లెక్కి వస్తున్నాను. లిఫ్టు బాగైంది, నువ్వన్నట్టు దుమ్మే. అలవాటుకొద్దీ మెట్లే ఎక్కుతున్నాను.

సీటొచ్చింది.

ఉత్తరం చదివి ఎగిరి గంతేస్తాననుకున్నాను. ఒరిగిన కుర్చీలో కూలబడ్డాను. మా అధికారి చెయ్యి కలిపి, "రిటైర్‌మెంట్‌కి మంచి కాలక్షేపం మేడమ్" అన్నాడు. చదువు పూర్తయ్యేసరికి యాభై దాటుతాను. పగలు ఆఫీసు, సాయంత్రం క్లాసు, సెలవు రోజు చదువు. నీకింకా ఓపికుందా అని ఆ పాత అధికారిణి అడిగిన మాట చెవిలోనే ఉంది.

ఒక షరతు పెట్టారు. ఫైళ్ళ మీద ఆధారపడొద్దట. చిన్నప్పుడే ఇల్లు మోసి, ఇప్పుడు పెద్దవాళ్ళయిన మనుషులతో కూర్చుని మాట్లాడాలట, వాళ్ళు ఒప్పుకుంటేనే. పెద్దావిడ రాయించి ఉంటుంది. నెలాఖరులోగా చేరుతున్నదీ లేనిదీ చెప్పాలి.

నిన్ను ఆ మనుషుల్లో ఒకడిగా కూర్చోమని అడగడం లేదు. అడిగే మొహం లేదు. కానీ నువ్వు మాట్లాడకుండా ఉంటే, నీ ప్రశ్న పట్టుకుని ఎవరెవరి ఇళ్ళకో వెళ్ళి అడగడం నా వల్ల కాదు. వదులుకుంటాను. బెదిరింపు కాదిది, ఉన్న సంగతి చెప్తున్నాను.

వచ్చే శనివారం వస్తున్నాను. పొద్దున బస్సుకి దిగి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాను. నాకోసం ఏమీ హడావుడి చేయొద్దని వదినకి చెప్పు.

పొట్టి


జనవరి 20

పొట్టీ,

నువ్వు బస్సెక్కి వెళ్ళాక రాయడం మొదలుపెట్టి, ఇవాళ్టికి ఒక దారికొచ్చింది.

ఎదురుగా చెప్తానని గొప్పగా రాశాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం మాట్లాడుకున్నాం? నీ బస్సు, నా మోకాలు, మీ వదిన రక్తపోటు. ఇల్లు ఎంత బాగా పెట్టుకున్నారు అన్నావు నువ్వు. అది విని మీ వదిన నా వైపు చూసి నవ్వింది. రెండ్రోజులు సెలవు పెట్టి తుడిచాన్లే. విరిగిన అలమారా, పాత సామాన్లు, మందుల డబ్బాలు, అన్నీ లోపలి గదిలోకి తోసి తలుపేశాను. నువ్వూ ఆ తలుపు తీయలేదు. టీ తాగి లేవబోతుంటే నీ చేతిలో కప్పు లాక్కుని నేనే కడిగేశాను. గుమ్మం దాకా వచ్చి మళ్ళీ ఎప్పుడొస్తావు అని అడిగాను. వీలు చూసుకుని వస్తాలే అన్నావు. బస్సు వేళయిపోతోందని నీ కంగారు నీది. నేనేం అడిగానో నువ్వు గమనించలేదు. నాకే, అడిగాక, ఆ మాట ఎక్కడిదో గుర్తొచ్చింది.

ఇప్పుడు విను. ఆ రోజు ఆఫీసు ఆవిడ ఎప్పుడు వెళ్తుందా అని నిమిషాలు లెక్కపెడుతూ నిలబడ్డాను. గదంతా చూసింది, నిన్ను రెండు మాటలడిగింది, ఏదో రాసుకుంది. మంచినీళ్ళడిగితే ఇచ్చాను. తాగి, గ్లాసు కోసం నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు. "ఉండు నాన్నా" అని తనే లేచి, కుళాయి దగ్గరికెళ్ళి కడిగి, బోర్లించి వచ్చింది. అంతే ఆవిడ చేసింది. ఆ ఇంట్లో నేను కడగని గ్లాసు అదొక్కటే. అప్పటిదాకా వెళ్ళిపోతే చాలనుకున్నవాణ్ణి, ఆ గ్లాసు చూశాక ఇంకాసేపు ఉంటే బాగుండుననుకున్నాను. అందుకని అడిగాను.

ఇల్లు తుడిచింది ఆవిడ వెళ్ళిపోవాలని. ఆ మాట అడిగింది ఆవిడ మళ్ళీ రావాలని. రెండు పనులూ నేనే చేశాను. నీ ఫారంలో దీనికి గడి ఉంటుందో లేదో నాకు తెలియదు. ఆవిడ అవసరమైతే వస్తాం అంది. ఇల్లంత శుభ్రంగా పెట్టుకున్నాక ఇంకేం అవసరం ఉంటుంది? తప్పు ఆవిడది కూడా కాదు.

చాలా రోజులు ఎదురుచూశాను. తర్వాత నువ్వు పెద్ద తరగతికి వచ్చావు, జడలు నువ్వే వేసుకోవడం మొదలుపెట్టావు. మర్చిపోయాననుకున్నాను.

చేరు. ఓపిక లేదంటున్నావు. నాకు మాత్రం ఉండే పనిచేశానా? నువ్వు చేరిపోయావని మీ వదినకీ, వర్క్‌షాపులోనూ ఇప్పటికే చెప్పేశాను, ఇక వెనక్కి తీసుకుంటే నా పరువు పోతుంది. మళ్ళీ థీసిస్ గారూ అంటున్నారు. నీ మనుషుల్లో మొదటి కుర్చీ నాకు వెయ్యి. అడిగినవన్నీ చెప్తాను, మధ్యలో ఆవులించకుండా రాసుకో.

ఒక్క మాట. ఈసారి వచ్చేముందు ఉత్తరం రాయకు. ఫోనూ చేయకు. చెప్పకుండా వచ్చెయ్. ఇల్లు ఎలా ఉంటే అలా ఉంటుంది, లోపలి గది తలుపు తీసే ఉంటుంది, అంట్లు సింకులోనే ఉంటాయి. టీ నేను పెడతాను. తాగాక నీ కప్పు నువ్వే కడుక్కో. ఓపికుంటే నాది కూడా.

అన్నయ్య